మూడో నంబరు సీటు

“సున్నా” అన్నాడతను, ఐదో నిమిషంలో ఫిజియో అమ్మాయి నొప్పి ఎంతుందని అడిగితే, అన్న మరుక్షణమే కుడి మోకాలి చిప్ప కింద సన్నగా ఒక పోటు వచ్చి పోయింది, పోలేదు, వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి అట్ట మీది కాగితంలో సున్నా చుట్టింది. నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకెలున్నాయట, ఏమీ లేకపోతే సున్నా, ప్రాణం పోతున్నట్టుంటే పది, ఐదేసి నిమిషాలకోసారి అడుగుతుందట, అంకె మూడు దాటిందా పరీక్ష అక్కడితో సరి. దాటకుండా ముప్పై నిమిషాలు ఏకబిగిన ఈ ఎక్కడికీ పోని సైకిలు తొక్కితే కాగితం కింద సంతకం పెడుతుంది, ఆ సంతకం సాయంత్రం ఐదులోపు ఆఫీసుకి చేరితే సోమవారం కొత్త సైటులో నిలబెట్టే టవర్ క్రేన్ అతనిది. చేరకపోతే స్టోరు గది. స్టోరు గదిలో హెల్మెట్లు, చేతి తొడుగులు, తాళ్ళ చుట్టలు, వాటిని ఇచ్చి పుచ్చుకునే బల్ల, బల్ల వెనక ఒక కుర్చీ. ఇరవై రెండేళ్ళు ఎనభై మీటర్ల ఎత్తున గాలిలో కూర్చున్న మనిషికి నేల మీద కుర్చీ. ఆ కుర్చీని అతను పోయిన వారం వెళ్ళి చూసొచ్చాడు, పని ఉన్నట్టు నటించి. దానికి ఒక కాలు పొట్టి, కింద మడిచిన అట్టముక్క పెట్టారు. అట్టముక్క గుర్తొచ్చినప్పుడల్లా పాదాలు పెడళ్ళని ఇంకాస్త గట్టిగా నొక్కుతున్నాయి, నొక్కినప్పుడల్లా చిప్ప కింద కూర్చున్నది కదులుతోంది, కదిలితే కదలనీ, ఇంకా ఇరవై ఐదు నిమిషాలే కదా, ఇరవై నాలుగున్నర.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయి “సీటు మీకు హాయిగా ఉండేట్టు పెట్టుకోండి అంకుల్” అంది, అని ఎవరో ఫోన్ చేస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి మాట్లాడుతూ నిలబడింది. అంకుల్ అనడం అతనికి నచ్చలేదు గానీ తన కూతురుంటే ఈ వయసే ఉండేదని సరిపెట్టుకున్నాడు. సీటు కింది గొట్టానికి వరసగా చిల్లులున్నాయి, పక్కన అంకెలు, ఒకటి నుంచి పది. పిన్ను లాగి, సీటు దించి, మళ్ళీ గుచ్చాడు, మూడులో. చెయ్యి ఆలోచించలేదు, దానికి తెలిసిన ఎత్తు అదే. క్రేన్ క్యాబిన్లో సీటు ఎప్పుడూ కిందికి, మోకాళ్ళు ఛాతీ వైపుకి, నడుము ముందుకి వంచి రెండు పాదాల మధ్య నుంచి చూడాలి, కాళ్ళ కింద నేల గాజు, గాజు కింద ఎనభై మీటర్ల ఖాళీ, ఖాళీ అడుగున అగ్గిపెట్టెలంత ఇటుకల దొంతరలు. అతనికి పని నేర్పిన ముసలాయన మొదటి రోజు క్యాబిన్లోకి రాగానే నమస్కారం కూడా అందుకోకుండా సీటు మీద ఒకటి చరిచి, “దించు. ఇంకా దించు. కింద మనుషులున్నారు, నీకు కనబడాలి” అన్నాడు. మళ్ళీ ఆరు నెలల దాకా ఆయన అంత పొడుగు మాట చెప్పలేదు. ఆ తర్వాత ఏ సీటు చూసినా ఇతను దించుకుంటాడు, బస్సులో, మంగలి దుకాణంలో, ఆఖరికి ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కుర్చీ కాళ్ళు కూడా రెండంగుళాలు కోశాడు. అతని ఇల్లాలు బడిలో లెక్కల టీచరు, ఆ సాయంత్రం కోసిన కాళ్ళ ముక్కలు నాలుగూ వరసగా పేర్చి, “ఇవి కూడా తినండి, పక్కన పెట్టాను” అంది.

ఏడో నిమిషం. గది చిన్నది, తెల్లటి గోడలు, బల్ల మీద ప్లాస్టిక్ మోకాలు ఒకటి మూడు ముక్కలుగా విప్పి పెట్టి ఉంది, దాన్ని చూడకూడదనుకుని దాన్నే చూస్తున్నాడు. ఎదుట గోడ గడియారం పదకొండు దాటి పన్నెండు నిమిషాలు చూపిస్తోంది. ఎడమవైపు నిలువెత్తు అద్దం గోడ, అవతల వరండా, వరండాలో బెంచీ, బెంచీ మీద వాడు. వాడంటే బావమరిది. అటు తల తిప్పనని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాడు గనక తిప్పడం లేదు, కానీ కంటి చివర ఒక నీలం చొక్కా ఉంటే ఉందని తెలియకుండా ఎలా ఉంటుంది. పదకొండు వారాలైంది వాడితో మాట్లాడి. ఇవాళ కూడా ఆటో పిలుచుకుంటానంటే ఇల్లాలు వినలేదు, “మా తమ్ముడు బండి మీద దింపుతాడు, మీరేం మాట్లాడక్కర్లేదు, వెనక కూర్చుంటే చాలు, మీకు అలవాటేగా” అంది. మీ ఇద్దరికీ కలిపి దేవుడు ఒక్క నోరే ఇచ్చాడు, అది మా తమ్ముడి దగ్గరుంది అని ఆవిడ పెళ్ళయిన కొత్తలో అనేది. నిజం చెప్పాలంటే సైటులో వాడి పేరు కూడా ఎవరికీ గుర్తులేదు, అందరికీ వాడు రేడియో. కింద నిలబడి వాకీటాకీలో క్రేను నడిపించే పని వాడిది, పంతొమ్మిదేళ్ళుగా ఆ గొంతే. పైకి బావా, పైకి, పైకి, నెమ్మది, ఇంకొంచెం, ఆగు, కుడికి తిప్పు, తిప్పు, మీ అక్కగారు సారీ మా అక్కగారు టిఫిన్‌లో ఉప్పేయలేదు చూశావా, తిప్పు, ఆగు, దించు బావా, దించు. ఆ గొంతు వినబడినంతసేపూ చేతులు కదిలేవి. బండి మీద ఇవాళ అరగంట ప్రయాణం, వాడి నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. బండి గతుకుల్లో పడినప్పుడు మాత్రం వేగం తగ్గించాడు, ప్రతి గతుక్కీ, మోకాలికి తగలకుండా.

“ఎంత అంకుల్?” అంది ఆ అమ్మాయి. పదో నిమిషం. నాలుగు అని లోపల ఎవరో టక్కున చెప్పారు. “ఒకటి” అన్నాడు. ఆమె రాసుకుంది. మంచి పిల్ల, ఊరికే నిలబడకుండా ఏదో ఒకటి చెబుతూనే ఉంది, భుజాలు వదులుగా పెట్టండి, ఊపిరి బిగబట్టకండి, బాగా తొక్కుతున్నారు, అంతే, అంతే, మా నాన్న అయితే ఈపాటికి దిగి టీ అడిగేవాడు, అంతే. ఆ మాటల మీద కాళ్ళు తిరుగుతున్నాయి, మాట మీద పెడలు, పెడలు మీద మాట, నొప్పి ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుంది. అంతలో ఆమె కాగితంలో ఏదో చూసుకుంటూ మౌనంగా అయిపోయింది. కాళ్ళు ఆగాయి. పూర్తిగా కాదు, సగం ఆగాయి, యంత్రం కీచుమని హెచ్చరించింది, తెర మీద అంకెలు మిణుకు మిణుకుమన్నాయి. ఆమె తలెత్తి “ఏమైంది, నొప్పా?” అంది. “కాదమ్మా, కాదు” అని గబగబా తొక్కాడు, ఇంకో రెండు సెకన్లయితే మొత్తం సున్నా అయిపోయేది, ఆమె మళ్ళీ మాటలందుకుంది. నొప్పి కాదు, నిజంగా కాదు. గొంతు ఆగితే ఆగాలి, అది పని. కింద వాడు మాట్లాడుతూనే ఉండాలి, వాడి మాట ఆగిందంటే ఎందుకాగిందో అడక్కూడదు, బరువు ఎక్కడుంటే అక్కడ ఆపెయ్యాలి. ముసలాయన చెప్పిన రెండో ముక్క అది. ఇది ఈ పిల్లకి ఎలా చెప్పడం, నువ్వు నోరు మూసుకున్నావు గనక నా కాళ్ళు ఆగాయని చెబితే మోకాలి కాగితం పక్కన పెట్టి తలకాయకి వేరే కాగితం తీస్తుంది.

ఒక పొగమంచు పొద్దున కిందేమీ కనబడలేదు, గాజు కింద పాలు పోసినట్టు తెలుపు, ఆ తెలుపులోంచి వాడి గొంతు ఒక్కటే, దించు బావా, దించు, దించు, ద. అక్కడ తెగింది. కొక్కేనికి రెండు టన్నుల కాంక్రీటు పలక వేలాడుతోంది. అతను ఆపాడు. నిమిషం, రెండు, ఐదు. మేస్త్రీ వేరే వాకీటాకీలోంచి తిడుతున్నాడు, దించవయ్యా, ఎంతసేపు అని, దించమనడం మేస్త్రీ పని కాదు గనక అతను దించలేదు. ఎత్తమనీ దించమనీ చెప్పాల్సింది ఒక్కడే, ఆపమని మాత్రం ఎవడైనా చెప్పొచ్చు, టీలు తెచ్చేవాడు చెప్పినా ఆపాల్సిందే, ఇది కూడా ముసలాయనదే. పదకొండు నిమిషాలకి మంచు పలచబడితే పలక కింద ఇద్దరు మనుషులు కనబడ్డారు, తాళ్ళు సర్దుకుంటూ, పైన ఏముందో తెలియకుండా. బావమరిది వాకీటాకీలో బ్యాటరీ పోయింది, అంతకు మించి ఏమీ లేదు, వాడు పరుగెత్తుకుంటూ కనబడే చోటికొచ్చి రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు, ఆపు అని, అప్పటికే ఆపేసిన మనిషికి. చేతులు దించమని చెప్పేదాకా అలాగే ఉన్నాడు వెర్రివెధవ. ఆ రోజు నుంచి నోటితో చెబుతున్నా వాడు చేత్తో కూడా చూపిస్తాడు, చూపుడువేలు ఆకాశానికెత్తి గుండ్రంగా తిప్పితే పైకి, నేలకి తిప్పితే కిందికి, చేతులు రెండూ చాపితే ఆపు. ఇంట్లో కూడా అంతే, అన్నం చాలంటే చేతులు చాపుతాడు.

పదమూడు. చెమట కనుబొమ్మల్లోంచి కంట్లోకి దిగింది, తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే ఒళ్ళు ఒక పక్కకి ఒరిగింది, ఒరిగితే మోకాలు లోపలికి వాలింది, వాలితే, అమ్మో, నాలుగు కాదు ఇది, ఐదు. పెడలు పైకొచ్చినప్పుడు కాలు బాగా ముడుచుకుంటుంది కదా, అక్కడ, సరిగ్గా అక్కడ, చిప్పని ఎవరో బొటనవేలితో లోపలికి తోస్తున్నట్టుంది. చుట్టుకి ఒక సెకను, చుట్టుకో తోపుడు, నిమిషానికి అరవై తోపుళ్ళు, ఇంకా పదిహేడు నిమిషాలు, లెక్క వద్దు, లెక్కలు ఇంటావిడకి. ఆవిడ రాత్రి మంచం మీద అటు తిరిగి పడుకుని, “మీ మోకాలు కిర్రుమంటే పక్క గదిలో నాకు వినబడుతోంది, ఆ పరీక్ష పెట్టేవాళ్ళకి చెవులుండవా” అంది. అసలు ఈ మోకాలి సంగతి బయటి చెవిన పడేదే కాదు, పడేసింది ఎవరు. ఎవరో కాదు, ఆ బెంచీ మీద నీలం చొక్కా.

పదకొండు వారాల కిందట, పని ముగిశాక నిచ్చెన దిగుతున్నాడు, మూడో అంతరువుకీ నాలుగో అంతరువుకీ మధ్య కుడి మోకాలు బిగుసుకుపోయింది. వంగదు, సాగదు. ఎక్కలేడు, దిగలేడు. చేతులు నిచ్చెనకి కరుచుకుని, ముఖం ఇనుముకి ఆనించి, గాలి చొక్కాలో దూరి వీపంతా తడుముతుంటే, వాకీటాకీ నొక్కి “ఒరేయ్” అన్నాడు, ఇంకేమీ అనలేదు. వాడు పైకొచ్చాడు. బల్బు మార్చడానికి స్టూలెక్కితే కళ్ళు తిరిగే మనిషి, అందుకే పంతొమ్మిదేళ్ళుగా నేల మీద పని, వాడు నలభై మీటర్లు ఎక్కి వచ్చాడు. కింది నుంచి ఎగశ్వాస వినబడింది, తర్వాత బూటు కింద మెత్తగా ఏదో తగిలింది. “కుడికాలు నా భుజం మీద పెట్టు బావా. కిందికి చూడకు. నేనూ చూడట్లేదు, కళ్ళు మూసుకున్నా.” ఆ భుజం మీద కాలు పెట్టి ఒక మెట్టు, మళ్ళీ ఆ భుజం, మళ్ళీ ఒక మెట్టు. దించు బావా, దించు, నెమ్మది, అంతే, మా అక్క చూస్తే మనిద్దరికీ కలిపి ఒకే చీపురు, దించు, ఆగు, ఊపిరి పీల్చుకో, దించు. వాడి భుజం వణుకుతున్నది పాదానికి తెలుస్తూనే ఉంది, గొంతు మాత్రం వణకలేదు. నేల తగిలాక వాడు ఇసుక కుప్ప వెనక్కి వెళ్ళి కక్కుకున్నాడు. మూతి తుడుచుకుని వచ్చాక, “ఎవరికీ చెప్పకు” అన్నాడితను. వాడు తలూపాడు. మర్నాడు తొమ్మిదింటికల్లా సేఫ్టీ ఆఫీసులో చెప్పేశాడు, తేదీ, గంట, ఎన్నో మెట్టో సహా.

ఎంత మాట. పిల్లనిచ్చిన ఇంటివాడు, ఒకే కంచంలో తిన్నవాడు, కడుపులో పెట్టుకోవాల్సింది తీసుకెళ్ళి బల్ల మీద పోశాడు. ఆ రోజు సాయంత్రం వాడు ఇంటికొస్తే ఇతను లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. తలుపవతల వాడు అక్కతో ఏదో చెబుతుంటే వినబడకుండా ఫ్యాను పెంచాడు. తలూపాడు కదా అని పదకొండు వారాలుగా నమిలిన ముక్కనే నములుతున్నాడు, తలూపాడు, మాట ఇవ్వలేదు, ఇవ్వకుండా ఎందుకు ఊరుకున్నాడు, నిద్రలో కూడా వాగేవాడు ఆ ఒక్కసారీ ఎందుకు ఊరికే తలూపాడు. “అంకుల్, పదిహేను. ఎంత?” “రెండు.” ఆమె కలం వెంటనే కదల్లేదు. అతని ముఖం చూసింది, మోకాలు చూసింది, మళ్ళీ ముఖం. “రెండే కదా?” “రెండేనమ్మా.” రాసింది. అబద్ధం చెప్పడం ఇంత తేలికా అని అతనికే ఆశ్చర్యంగా ఉంది, ఇరవై రెండేళ్ళలో బరువు విషయంలో ఎప్పుడూ చెప్పలేదు, ఎవడైనా రెండు టన్నుల్ని ఒకటిన్నర అని పంపితే కొక్కెం కదలగానే తెలిసిపోయేది, దించి పారేసి తూచి పంపమనేవాడు. ఒకసారి పెద్ద ఇంజినీరే వచ్చి అరిచినా ఎత్తలేదు. తప్పు బరువు చెబితే క్రేను పడుతుంది, అరిస్తే పడదు.

పదిహేడు. పళ్ళు బిగుసుకున్నాయి, వదలమని చెప్పింది కదా ఆ అమ్మాయి, భుజాలు వదలమంది, పళ్ళ సంగతి చెప్పలేదు. ప్లాస్టిక్ మోకాలు బల్ల మీద హాయిగా ఉంది. పద్దెనిమిది. నేల మీద కుర్చీ, పొట్టి కాలు, అట్టముక్క. పైన పొద్దున్నే క్యాబిన్ తలుపు తీస్తే లోపల రాత్రి గాలి చల్లగా ఉంటుంది, మీటలు చల్లగా ఉంటాయి, కింద నుంచి అరుపులూ దుమ్మూ ఇంకా పైకి రావు, ఫ్లాస్కు మూత తీసి మొదటి గుక్క తాగుతుండగా వాకీటాకీ గరగరలాడి ఆ గొంతు, “లేచావా బావా?” అని, మూడొందల అరవై మెట్లు ఎక్కి వచ్చినవాణ్ణి పట్టుకుని. దాన్ని వదులుకోవాలా. వదలడు. పందొమ్మిది. అదిగో మళ్ళీ తోపు, ఆరు, ఆరు కాదు ఆరున్నర, పొరపాటున నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది, దగ్గుగా మార్చాడు. “ఇరవై, అంకుల్.” “మూడు.” “మూడేనా?” “మూడే.” మూడు దాకా పర్వాలేదుగా, మూడు నియమం లోపలిదేగా. పదే నిమిషాలు. పది నిమిషాలు ఏముంది, పొగమంచులో రెండు టన్నులు పట్టుకుని పదకొండు నిమిషాలు కూర్చున్నాడు.

అప్పుడు నీలం చొక్కా లేచింది. చూడకూడదు. అద్దానికి బాగా దగ్గరగా వచ్చింది. చూడనంటే చూడడు. చెయ్యి ఒకటి పైకి లేచింది, మోచేతి దగ్గర వంగి, చూపుడువేలు ఆకాశానికి, వేలు గుండ్రంగా తిరిగింది. ఆ సైగకి ఏళ్ళ తరబడి తిరిగిన కళ్ళు ఒట్టు మాట వింటాయా, తిరిగాయి. వాడి ముఖం చిక్కిపోయింది, గడ్డం మాసింది, ఈ పదకొండు వారాల్లో అతను వాడి ముఖం సరిగా చూడనే లేదు. పైకి, అంటోంది వేలు. వెటకారమా, ఇక్కడ ఎత్తడానికేముంది. వాడు రెండు చేతులూ బార్లా చాపాడు. ఆపు. మళ్ళీ వేలు, పైకి. మళ్ళీ చేతులు. ఆపు, పైకి. ఆపకుండా అదే చేస్తున్నాడు, వరండాలో పోయేవాళ్ళు చూస్తున్నా. చివరికి వెనక్కి తిరిగి, తన పిర్ర మీద ఒకటి చరుచుకుని, వేలు ఆకాశానికెత్తాడు. ఆ వేషానికి ఇంకో రోజయితే నవ్వొచ్చేది. ఇతను కిందికి చూసుకున్నాడు, గొట్టం వైపు, మూడు అనే అంకె వైపు, గడ్డానికి తగిలేంత దగ్గరగా వస్తున్న తన మోకాళ్ళ వైపు. క్యాబిన్లో కూర్చున్నట్టు కూర్చుని సైకిలు తొక్కుతున్నాడు తను. పాదాల మధ్య నుంచి గచ్చు చూస్తున్నాడు, గచ్చు మీద ఎవరో పడిపోతారన్నట్టు.

సీటు ఎత్తాలంటే దిగాలి. దిగితే ఇరవై నిమిషాలూ గంగలో కలిసినట్టే, తెర మీద మళ్ళీ సున్నాలు, ఈ వాచిన మోకాలితో మళ్ళీ మొదటి నుంచి ముప్పై. దిగితే ఎందుకు దిగావని ఆ పిల్ల అడుగుతుంది, చెప్పాలి, చెబితే నాలుగు అంకెలూ అబద్ధమని ఆమె కాగితమే సాక్ష్యం, అక్కడే కొట్టేసి పొమ్మనొచ్చు. దిగకపోతే తొమ్మిది నిమిషాలు, సంతకం, సోమవారం. సోమవారం నిచ్చెన, మూడొందల అరవై మెట్లు, ఆ పైన ఎన్నో సోమవారాలు, ఏదో ఒక సాయంత్రం మూడో అంతరువుకీ నాలుగో అంతరువుకీ మధ్య. ఈ ముక్క అతను ఇదివరకూ అనుకున్నాడు, అనుకున్నప్పుడల్లా తనకేమవుతుందో తను చూసుకోగలననే అనుకున్నాడు. ఇప్పుడు మాత్రం బూటు కింద ఆ వణుకు తగిలింది, నిజంగా తగిలినట్టే, పెడలు కింద. ఒరేయ్ అంటే వాడు మళ్ళీ ఎక్కి వస్తాడు. కళ్ళు మూసుకుని, చెమట చేతులతో, ఎన్నిసార్లంటే అన్నిసార్లు వస్తాడు. పడితే ముందు పడేది కింద ఉన్నవాడు. అద్దం అవతల చేతులు ఇంకా బార్లా చాపే ఉన్నాయి, దించమని చెప్పేదాకా దించడు.

ఆపాడు. యంత్రం మూడుసార్లు కీచుమని తెర ఖాళీ చేసుకుంది, ఇరవై నిమిషాల నలభై సెకన్లు ఎటు పోయాయో పోయాయి. ఫిజియో అమ్మాయి అట్ట కిందికి దించింది.

“ఆరున్నరమ్మా” అన్నాడు, ఆయాసపడుతూ, ఆమె ముఖం చూడలేక హ్యాండిల్ని చూస్తూ. “ఇందాక మూడన్నది ఆరున్నర. రెండన్నది ఐదు. ఒకటన్నది నాలుగు. సున్నా అన్నప్పుడే మొదలైంది.”

ఆమె కాగితం వైపు చూసింది, చాలాసేపు చూసినట్టనిపించింది, కలం మూత పెట్టింది, తీసింది. ఆ కలం ఏం రాస్తుందోనని అతని ఊపిరి మోకాలి కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. అప్పుడామె వంగి గొట్టం చూసింది.

“ఈ సీటు ఎవరు పెట్టారు?”

“నేనే.”

“మూడా? ఇంత పొడుగు మనిషికి?” అని నుదురు కొట్టుకుంది. “నాదే తప్పు, నేను చూడాల్సింది, ఆ ఫోన్ ఒకటి. మోకాలు ఇంత ముడుచుకుని తొక్కితే ఇరవై ఏళ్ళ కుర్రాడి చిప్ప కూడా ఏడుస్తుంది అంకుల్. దిగండి.” పిన్ను లాగి, సీటు ఎత్తి, ఏడులో గుచ్చింది. ఎక్కమంది. మడమ పెడలు మీద పెట్టి కిందికి చాపమంది, కాలు నిటారుగా అందితే ఎత్తు సరిపోయినట్టట, అందింది. తొక్కేటప్పుడు మాత్రం మడమ కాదు, వేళ్ళ వెనకున్న మెత్తటి భాగం, అప్పుడు కింద కూడా కాలు కొంచెం వంగే ఉంటుందట. పెడళ్ళ బిగువు కూడా రెండు మెట్లు తగ్గించింది. ఏడులో కూర్చుంటే గచ్చు దూరమైంది, ఎదుట గోడ మీద గడియారం మట్టానికి కళ్ళొచ్చాయి, పదకొండూ ఇరవై ఏడు, క్యాబిన్లో ఎప్పుడూ కూర్చోనట్టు కూర్చున్నాడు.

“గది పన్నెండు దాకా మనదే. ఆ ఇరవై నిమిషాలూ నేను చూడలేదు. మళ్ళీ మొదటి నుంచి, మూడు దాటితే మాత్రం నేనే ఆపేస్తాను, బతిమాలినా వినను. ఇంకో అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది.”

“ఎలా తెలుస్తుందమ్మా?”

“ఇందాకా తెలిసింది. మీరే చెబుతారేమోనని చూశాను, ఇరవై రెండో నిమిషం దాకా ఆగుదామనుకున్నాను.”

అతనికి సిగ్గేసింది. తెరకి బొటనవేలు ఆనించబోయి ఆగి, “బయట ఒకడున్నాడు, లోపలికి రమ్మనండి” అన్నాడు. ఎవరంది. “మా బావమరిది. వాడు వాగుతుంటే తప్ప నా కాళ్ళు కదలవు.” ఆమె తలుపు తీసి పిలిచింది. వాడు చేతులు దించి లోపలికొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు, ఆమె స్టూలు చూపిస్తే అంచున కూర్చున్నాడు. పదకొండు వారాలు గదిలో నిండుగా ఉన్నాయి. గడియారం ఇరవై ఎనిమిదికి వచ్చింది, ఇక ఆగితే ముప్పై మిగలవు. “చెప్పు” అన్నాడితను, తల తిప్పకుండానే. వాడు గొంతు సవరించుకున్నాడు. “ఆఁ. పైకి బావా. నెమ్మది. నెమ్మది” అన్నాడు, గొంతు చిన్నగా, “అంతే, తిప్పు, తిప్పు, ఊపిరి పీల్చుకో, మా అక్క పొద్దున మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు, ఎత్తితే ఏం చెప్పాలి, తిప్పు.” కాళ్ళు తిరిగాయి. మొదటి చుట్టుకి అతను పోటు కోసం కాచుకుని ఉన్నాడు, పెడలు పైకి వస్తోంది, వచ్చింది, దాటింది. రాలేదు. ఇందాకటి వాపు వెచ్చగా ఉంది గానీ ఆ బొటనవేలి తోపు లేదు. రెండో చుట్టు, పదో చుట్టు. నమ్మబుద్ధి కాలేదు. ఐదో నిమిషంలో ఆ అమ్మాయి ఎంతని అడిగితే వెంటనే చెప్పలేదు, మోకాలి దాకా వెళ్ళి చూసి వచ్చి, “రెండు” అన్నాడు. పదో నిమిషంలో కూడా వెళ్ళి చూసి వచ్చి, “ఒకటిన్నర” అన్నాడు. స్టూలు మీంచి బావమరిది ముందుకి వంగి అతని ముఖంలోకి చూశాడు, అబద్ధమా అని, కాదని తేల్చుకుని మళ్ళీ అందుకున్నాడు, తిప్పు బావా, తిప్పు, నెమ్మది, ఏంటంటే, ఆ రోజు, తిప్పు, ఆ రోజు నేను ఆఫీసుకి.

“నేను చెప్పకుండా ఉండాల్సిందా బావా?” అన్నాడు, అని మాట ఆపేశాడు.

గదిలో ఏ గొంతూ లేదు. కాళ్ళకి తెలిసిన పని ఒక్కటే, అవి నెమ్మదించాయి. యంత్రం కీచుమంది. ఫిజియో అమ్మాయి తలెత్తింది, తెర మీద అంకెలు మిణుకుమన్నాయి, పదకొండు నిమిషాల పది సెకన్లు. వాడు కదల్లేదు, జవాబు కోసం చూస్తున్నాడు, కళ్ళ నిండా నీళ్ళు. ఇంకో రెండు సెకన్లలో అంతా పోతుంది. అతను పళ్ళు బిగించి, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఎవరి గొంతూ లేకుండా కాళ్ళని తిప్పాడు. ఒకటి, రెండు, మూడు చుట్లు. అంకెలు నిలబడ్డాయి.

“ఆపమని ఎవడైనా చెప్పొచ్చురా” అన్నాడు, ఆయాసంలో ముక్కలు ముక్కలుగా. “ఎత్తమని చెప్పాల్సింది మాత్రం నువ్వే. చెప్పు.”

వాడు చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే రెండో చెయ్యి మోచేతి దగ్గర వంచి, వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు, ఎదురుగా రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి. “పైకి బావా” అన్నాడు. “పైకి, పైకి. ఇంకా పద్దెనిమిదున్నర ఉంది.”